సాలమన్ పథకానికి సుసన్న జవాబు

పట్టీలు నారింజ రంగువి. స్టేజీ షోలకు వెళ్తే గేటు దగ్గర మణికట్టుకు చుడతారే, ఒకసారి అంటించాక చింపితే తప్ప ఊడి రానివి, అవి. సాలమన్ వాటిని ఏషియన్ టౌన్‌లో ఏరికోరి కొన్నాడు. తెల్లవైతే ఆసుపత్రి గుర్తొస్తుందని పక్కన పెట్టించి, నారింజ రంగైతే పండగలా ఉంటుందని ఆ కట్టే తీసుకున్నాడు. మనిషి మంచివాడు. పోయిన నెల దోహా తెలుగు సంఘం తరఫున బియ్యం పంచినప్పుడు కొందరు రెండోసారి వరసలో నిలబడ్డారు, ఆఖర్న వచ్చినవాళ్ళకు పప్పు అందలేదు. అందుకు మనసు కష్టపెట్టుకుని, విరుగుడుగా కనిపెట్టిన ఉపాయం ఇది. చేతికి పట్టీ ఉంటేనే సంచి ఇస్తారు. సంచి ఇవ్వగానే పట్టీ మీద పెన్నుతో గీత పెడతారు. ఇక రెండోసారి ఎవరూ రాలేరు.

పట్టీలు అంటించే పని అతని భార్య సుసన్నకు అప్పగించారు. వారమంతా ఆమె దోహాలోని ఒక గ్రంథాలయంలో చిరిగిన పాత కాగితాలకు అతుకులు వేస్తుంది. అంత నాజూకైన వేళ్ళు సంఘంలో మరొకరికి లేవని అందరూ ఒప్పుకున్న మాట, ఆమె కూడా ఒప్పుకున్న మాటే.

అది అబూ హమూర్‌లో ఒక సభ్యుడి విల్లా వెనక ఉన్న హాలు. శుక్రవారం ప్రార్థనలయ్యాక కార్మికుల క్యాంపు నుంచి బస్సు వచ్చి ఆగింది. లుసైల్‌లో టైల్స్ పని చేసే చిన్న కంపెనీ ఒకటి మూతపడితే, ఇంకో కంపెనీకి మారే కాగితాల కోసం ఎదురుచూస్తూ క్యాంపులో ఉండిపోయిన మనుషులు దిగారు. అందరూ ఉతికిన చొక్కాలు వేసుకుని, తడి తలలు దువ్వుకుని వచ్చారు. ఒక్కొక్కరే చెయ్యి చాపుతుంటే సుసన్న పట్టీ చుట్టి, బొటనవేలితో ఒత్తి అంటిస్తోంది. ఎదురుగా వేదిక మీద సంఘం అధ్యక్షుడు రామకృష్ణారావు, ఆయన భార్య కమలాదేవి నిలబడి సంచులు అందిస్తున్నారు. కమలాదేవి జరీ అంచు పట్టుచీరలో నిండుగా ఉంది. సంచి సగం ఇచ్చేవాళ్ళ చేతుల్లో, సగం పుచ్చుకునేవాడి చేతుల్లో ఉన్నప్పుడు కార్యదర్శి అమర్ ఫోటో తీస్తున్నాడు. తీసిన ఫోటో తీసినట్టే సంఘం వాట్సాప్ గ్రూపులో పెడుతున్నాడు.

"చెయ్యి ఇటు పెట్టండి" అంది సుసన్న, తల ఎత్తకుండానే.

చెయ్యి రాలేదు. తలెత్తి చూసింది. నలభై దాటిన మనిషి, చొక్కా చేతులు మణికట్టు దాకా దించి గుండీలు పెట్టుకున్నాడు. సిమెంటు తినేసి గోళ్ళు అరిగిపోయిన చేతులు.

"అక్కా, మా దిక్కు గొర్లకు రంగేస్తరు. ఏది ఎవల మందదో తెల్వాలె గద. నాకెందుకీ రంగు?"

కోపంగా అనలేదు, నవ్వుతూనే అన్నాడు.

"రూలండి. పట్టీ లేకపోతే సంచి ఇవ్వరు."

"ఇయ్యకుంటే ఇయ్యకుండ్రి. పోయిన నెల తీస్కున్న. ఫోటో దింపిండ్రు. అది తిరిగి తిరిగి మా ఆర్మూర్ దాంక పోయింది. మా అత్తమ్మ ఫోన్ జేసి, దుబాయ్‌ల అడుక్కతింటున్నవా అల్లుడా అని అడిగింది. దుబాయ్ కాదు అత్తమ్మా, ఖతర్ అని చెప్పుదామన్నా నోరు పెగల్లె."

వెనకున్నతను అతని భుజం మీద చెయ్యి వేశాడు. "హన్మాండ్లన్నా, పట్టీ ఏం జేస్తదే? రూములకు పోయినంక చింపుకుందాం."

"నువ్వు తీస్కోరా. నిన్ను నేనేమన్న అంటినా? నాకు మాత్రం అద్దు."

హన్మాండ్లు వరస లోంచి పక్కకు తప్పుకుని, దారి ఇవ్వమన్నట్టు ఒకరిద్దరి మోచేతులు మర్యాదగా తాకి, బయటికి నడిచాడు. బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. మిగిలినవాళ్ళు సంచులు మోసుకుని వచ్చేదాకా అక్కడే, ఎదురుగా ఉన్న గోడను చూస్తూ నిటారుగా కూర్చున్నాడు. సుసన్న చేతిలో అతని కోసం విప్పిన పట్టీ ఆమె బొటనవేలికే అతుక్కుపోయింది. అది చింపి తీసేసినా జిగురు పోలేదు, సాయంత్రం గిన్నెలు తోమేటప్పుడు కూడా వేలికి తగులుతూనే ఉంది.

కారులో సాలమన్ హుషారుగా ఉన్నాడు. "చూశావా సుసన్నా, ఒక్క సంచి తేడా రాలేదు. ఇకనుంచి వారం వారం పంచుతాం కదా, గురువారం సర్వసభ్య సమావేశంలో దీన్ని పర్మనెంట్ చేసేద్దాం. పథకం అంతా రాసి ఉంచాను."

"ఒక సంచి మిగిలింది కదండీ" అంది సుసన్న.

"మిగిలితే మంచిదేగా" అన్నాడు సాలమన్. లుసైల్‌లో కట్టడాల కొలతలు చూసే ఉద్యోగం అతనిది. మిగులు అనే మాటంటే అతనికి ఎప్పుడూ ఇష్టమే.

*

గ్రంథాలయంలో ఆ నెల అంతా ఒకటే హడావుడి. పాత కరపత్రాల ప్రదర్శన దగ్గర పడింది. మూడు వందల ఏళ్ళ కిందట ఇంగ్లండులో అచ్చయిన చిన్న చిన్న పుస్తకాలు, ఎవరో సేకరించి పోగుచేసినవి, ఒక కట్టగా వచ్చి సుసన్న బల్ల మీద ఉన్నాయి. అన్నీ పథకాలే. దేశం నెత్తిన ఉన్న అప్పు తీర్చేందుకు ఒకడు లాటరీ పెట్టమంటాడు, ఇంకొకడు కొవ్వొత్తుల మీద పన్ను వెయ్యమంటాడు, మరొకడు పేదలందర్నీ చేపలు పట్టడానికి పంపితే వాళ్ళ ఆకలీ ఖజానా కొరతా ఒకేసారి తీరిపోతాయంటాడు. సగంమంది పేర్లు కూడా వేసుకోలేదు. ఊరికి మేలు చేద్దామన్న ఆత్రం మాత్రం ప్రతి పేజీలోనూ ఉంది. చదువుతుంటే సుసన్నకు నవ్వొచ్చేది, వాళ్ళ మీద ముద్దు కూడా వచ్చేది. తన ఇంట్లోనూ అలాంటి మనిషి ఒకడున్నాడు మరి.

ఆదివారం ఆమె చేతికొచ్చిన కరపత్రం మడత దగ్గర అడ్డంగా చిరిగి ఉంది. మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపింది. జపాను నుంచి వచ్చే పల్చటి కాగితం మీద చిరుగు పొడవున తడిగీత గీసి, కత్తెర తగలకుండా చేత్తో లాగి తెంపింది. అలా తెంపితే అంచున సన్నటి నూగు వస్తుంది, ఆ నూగే పాత కాగితంలో కలిసిపోతుంది. గోధుమ పిండి జిగురు జల్లెడలో రుద్ది, నీళ్ళు కలిపి, బ్రష్ చివర్న తీసుకుంది. చిరుగు అంచులు దగ్గరికి చేర్చేటప్పుడు అక్షరాలు కలిశాయో లేదో చూసుకోవాలి కాబట్టి ఆ వాక్యం చదవక తప్పలేదు.

సహాయం పుచ్చుకునే ప్రతి పేదవాడూ, వాడి భార్యా, వాడి పిల్లలూ కుడి భుజం మీద ఎర్రగుడ్డ ముక్క కుట్టుకోవాలని ఉంది. అది లేనివాడికి రొట్టె ఇవ్వకూడదట. అలా చేస్తే ఎవరూ రెండోసారి రాలేరు, ఖజానాకు నష్టం ఉండదు, ఇచ్చే దొరలకు తామెవరికి ఇస్తున్నారో తెలుస్తుంది అని రాశాడు ఆ పేరులేని పెద్దమనిషి.

సుసన్న చేతిలో బ్రష్ ఆగిపోయింది. బొటనవేలిని చూపుడువేలితో రుద్దుకుంది. జిగురు ఎప్పుడో పోయింది గాని, ఉన్నట్టే అనిపించింది.

"క్యా హువా?" అంటూ వచ్చింది నూరైన్. లాహోర్ మనిషి, ఆ గదికి పెద్ద. జిగురు గిన్నె ఎత్తి, బ్రష్‌తో కలిపి చూసి, పెదవి విరిచింది. "థోడా ఔర్ పానీ, సుసన్నా. జోడ్ కాగజ్ సే మజ్‌బూత్ నహీ హోనా చాహియే." ఈ గదిలో చేరిన రోజున సుసన్న నేర్చుకున్న మొదటి పాఠం అది. అతుకు ఎప్పుడూ కాగితం కన్నా మెత్తగానే ఉండాలి. రేపు ఎవరైనా లాగితే అతుకు ఊడి రావాలి తప్ప పాత కాగితం చిరగకూడదు. సాయం చేయడానికి వచ్చింది సాయం పొందే దానికన్నా గట్టిదైతే దాన్నే చింపుతుంది. ఇన్నేళ్ళుగా చేతులతో చేస్తున్న పనే, ఆ రోజు మాత్రం ఆమె ఆ మాట దగ్గర చాలాసేపు ఉండిపోయింది. జిగురులో నీళ్ళు పోసి మళ్ళీ మొదలుపెట్టింది. అతుకు వేసి, పైన అద్దుడు కాగితం పరిచి, బరువు పెట్టి పక్కకు జరిపింది.

కట్టలో దాని కిందే ఇంకో చిన్న కరపత్రం ఉంది. పైన ఉన్నదానికి జవాబట. ఎర్రగుడ్డ పథకం రాసినాయన్ని ఏకిపారేస్తూ, అంతే శ్రద్ధగా అచ్చు వేయించి, అదే ఊళ్ళో అమ్మించారు. ఆ కాలంలో అదొక పద్ధతి. పథకం నచ్చకపోతే తిట్టి ఊరుకునేవారు కాదు, ఇంకో పథకం రాసేవారు. ఆ పద్ధతి సుసన్నకు ఎంతో నచ్చింది.

*

సాలమన్ పథకం నాలుగు పేజీలు. పైన సంఘం గుర్తు, కింద అతని సంతకం. పట్టీలకు రంగుల వారీగా విభాగాలు కూడా పెట్టాడు, ఒంటరి మనుషులకు ఒకటి, కుటుంబాలకు ఒకటి. సోమవారం రాత్రి భోజనాల దగ్గర భార్యకు గర్వంగా చదివి వినిపించాడు. ఆమె చివరిదాకా విని, చేపల పులుసు గిన్నె అతని వైపు జరిపింది.

"బాగా రాశారండి. కానీ మూడొందల ఏళ్ళ కిందటే ఒకాయన ఇది రాసేశాడు."

ఎర్రగుడ్డ సంగతి చెప్పింది. సాలమన్ ముఖం చిన్నబోయింది. "నన్ను తీసుకెళ్ళి వాళ్ళతో కలుపుతావా? నేనెవర్నైనా చిన్నచూపు చూశానా ఎప్పుడైనా?"

"చూళ్ళేదు. మీరు కొన్న రంగు కూడా పండగ రంగే. కానీ దాన్ని వాళ్ళ చేతికి అంటించింది నేనండి. చెయ్యి చాపేటప్పుడు వాళ్ళు ఎటు చూస్తారో నాకు తెలుసు."

"మరైతే ఏం చెయ్యమంటావ్? రెండోసారి వచ్చేవాళ్ళని వదిలెయ్యమంటావా? ఆఖర్న వచ్చినోడు ఏం తినాలి?" అతని గొంతు పెరిగింది. పప్పు అందక వెనక్కి వెళ్ళినవాళ్ళ ముఖాలు అతనికింకా గుర్తున్నాయి. ఆమెకు అది తెలుసు కాబట్టి గొంతు పెంచలేదు.

"మా ఊరి గుళ్ళో ఏం చేసేవారో చెప్తాను, వింటారా?"

నర్సాపురం దగ్గర పల్లె ఆమెది. ఆరాధనకు ముందు ప్రతి ఇంటి నుంచీ ఆడవాళ్ళు మూత పెట్టిన గిన్నె ఒకటి పట్టుకుని వచ్చేవారు. గుడి వెనక చిన్న గది, అందులో బియ్యం గాబు. ఒక్కొక్కరే లోపలికి వెళ్ళి, తలుపు వేసుకుని, మళ్ళీ మూత పెట్టిన గిన్నెతోనే బయటికి వచ్చేవారు. ఎవరు పోసి వచ్చారో, ఎవరు పట్టుకెళ్తున్నారో అడగడం తప్పు. పాస్టరుగారి భార్య కూడా గిన్నె పట్టుకుని వెళ్ళాల్సిందే.

"మా నాన్న కాలు విరిగి మంచాన పడ్డ ఏడాది కూడా మా అమ్మ గిన్నె పట్టుకుని వెళ్ళింది. నేను పక్కనే నడిచాను. వెళ్ళేటప్పుడు నిండుగా ఉందో, వచ్చేటప్పుడు నిండుగా ఉందో నాకివాళ్టికీ తెలీదండి. అమ్మా చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ ఏడాది బళ్ళో నేనెవరి ముందూ తల దించుకోలేదు. అదొక్కటీ తెలుసు."

సాలమన్ పులుసులో వేళ్ళు ఉంచి అలాగే కూర్చున్నాడు.

"అది పల్లెటూరు, సుసన్నా. అందరూ ఒకళ్ళకొకళ్ళు తెలిసినవాళ్ళు. ఇక్కడ కుదరదు" అన్నాడు చివరికి.

"కుదురుతుందో లేదో రాసి చూస్తాను. మీ పథకానికి నేను జవాబు రాస్తాను."

ఒక పేజీ రాసింది. మర్నాడు సాయంత్రం అది చదివి సాలమన్ రెండుసార్లు ముక్కు మీది కళ్ళజోడు సర్దుకున్నాడు. బుధవారం ఆఫీసు నుంచి వచ్చి బల్ల మీద అచ్చు ప్రతుల కట్టలు రెండు పెట్టాడు. ఒకటి తన నాలుగు పేజీలు, రెండోది ఆమె ఒక్క పేజీ, అదే మంచి కాగితం మీద, అవే అక్షరాల్లో.

"మీరెందుకు అచ్చు తీశారు?" అంది సుసన్న, నిజంగానే ఆశ్చర్యపోయి.

"జవాబు లేకుండా గెలిస్తే అదేం గెలుపు?" అన్నాడు సాలమన్, మొహం గంభీరంగా పెట్టుకుని. "గురువారం నిన్ను ఓడించి తీరతాను, చూస్కో."

అలాంటి మొగుడు ఎంతమందికి ఉంటాడని సుసన్న ఆ పూట మనసులో మురిసిపోయింది. పైకి మాత్రం టీ పెట్టి ఇచ్చింది.

*

గురువారం సాయంత్రం అదే హాలు. కుర్చీల మీద రెండేసి కరపత్రాలు. రామకృష్ణారావు కొంచెం ఆలస్యంగా వచ్చి, నుదుటి చెమట తుడుచుకుంటూ క్షమించమన్నాడు. ఈమధ్య ఆయన కారు మానేసి నడుస్తున్నాడు. నడక మంచిదని డాక్టరు చెప్పాడట. ఈ ఎండల్లో నడిపించే డాక్టరెవరో అని అమర్ సరదాగా అంటే అందరూ నవ్వారు, ఆయన కూడా నవ్వాడు.

సాలమన్ తన పథకం వివరించాడు. బాగా వివరించాడు. చప్పట్లు కూడా పడ్డాయి. తర్వాత సుసన్న లేచింది. మాట్లాడ్డం అలవాటు లేదు కాబట్టి తన పేజీనే చదివింది.

మన ఇళ్ళన్నిట్లోనూ తెల్ల పెరుగు బకెట్లు ఉంటాయి, క్యాంపు రూముల్లోనూ అవే ఉంటాయి. మూతలున్నవి. శుక్రవారం అందరూ తలా ఒకటి పట్టుకుని వద్దాం. హాలు పక్క గదిలో బియ్యం డ్రమ్ము, పప్పు డ్రమ్ము, ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, నూనె ప్యాకెట్లు పెడదాం. ఒక్కొక్కరే లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంటారు. ఇచ్చేవాళ్ళు వేస్తారు, కావలసినవాళ్ళు తీసుకుంటారు. సంఘం అధ్యక్షుడితో సహా ప్రతి మనిషీ వెళ్ళాలి, ఎందుకంటే కొందరే వెళ్తే ఆ తలుపే పట్టీ అయిపోతుంది. ఒక మనిషికి ఒక బకెట్టు, ఒకసారి. అది చూసుకోవడానికి నేను బయట కూర్చుంటాను, తలుపుకి వీపు పెట్టి. ఫోటోలు ఉండవు.

"మేడమ్, ఒకటి అడుగుతాను" అన్నాడు అమర్. "నాలాంటివాడు, జీతం వస్తున్నవాడు, లోపలికెళ్ళి బకెట్టు నింపుకుని వస్తే?"

"నింపుకోండి" అంది సుసన్న. "ఒక బకెట్టే కదా. ఒక దొంగ బకెట్టు కోసం మిగిలినవాళ్ళందరికీ రంగు వెయ్యలేను."

"ఫోటోలు లేకపోతే ఇచ్చేవాళ్ళు ఇస్తారా?" అని వెనక నుంచి ఎవరో అడిగారు. సుసన్న నిజాయితీగా తెలియదని చెప్పింది. హాల్లో గుసగుసలు లేచాయి. సాలమన్ పథకం నెగ్గేలాగే ఉంది. నెగ్గితే ప్రతి శుక్రవారం ఆ పట్టీలు తనే అంటించాలి, హన్మాండ్లు లాంటి మనిషి ప్రతి శుక్రవారం బస్సులో గోడను చూస్తూ కూర్చోవాలి. సుసన్న పేజీ మడిచి కూర్చోబోయింది.

అప్పుడు కమలాదేవి లేచింది. సమావేశాల్లో ఆమె ఎన్నడూ మాట్లాడి ఎరగదు.

"తలుపు వేసి ఉండాలండి" అంది. "తలుపు వేసి ఉండడమే మంచిది. నేను సుసన్న పద్ధతికే ఓటేస్తాను."

అంతే అని కూర్చుని, పైట సర్దుకుంది. రామకృష్ణారావు భార్య వైపు ఒకసారి చూసి, వెంటనే చేతిలోని కాగితం వైపు చూపు తిప్పుకున్నాడు. అధ్యక్షుడి భార్య మాట కాబట్టి ముందు వరస చేతులు లేచాయి, వాటి వెనక మిగిలినవి. ఆఖర్న లేచిన చెయ్యి సాలమన్‌ది. తన పథకానికి తనే ఎదురు ఓటేసి, ఓడిపోయినవాడి నిట్టూర్పు ఒకటి గట్టిగా విడిచాడు.

"ఇంతకీ ఫోటోలు ఎందుకు వద్దన్నావ్?" అన్నాడు సాలమన్ ఇంటికొస్తూ కారులో. సుసన్న హన్మాండ్లు అత్తగారి ఫోను సంగతి చెప్పింది. సాలమన్ కారు ఇంటి వైపు తిప్పకుండా క్యాంపు దారి పట్టించాడు. ఆమెను కారులో కూర్చోబెట్టి తనొక్కడే లోపలికి వెళ్ళి, రూము రూముకీ తిరిగి, శుక్రవారం ఏం జరుగుతుందో చెప్పి వచ్చాడు. హన్మాండ్లు ఏమన్నాడని అడిగితే, "కుర్చీ వేసి చాయ్ ఇచ్చాడు" అన్నాడు. ఆ చాయ్ అతని గొంతులో ఇంకా వెచ్చగా ఉన్నట్టుంది.

*

శుక్రవారం సుసన్న గది తలుపుకి వీపు పెట్టి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. ఎదురుగా చెప్పుల స్టాండు, దాని పక్కన గేటు. వీపు వెనక తలుపు తెరుచుకునే చప్పుడు, వేసుకునే చప్పుడు. లోపల బియ్యం జారుతున్న సవ్వడి వినిపిస్తుంది గాని, డ్రమ్ములోకి జారుతోందో బకెట్లోకి జారుతోందో తెలియదు. ఇంట్లో వంట దగ్గర ఎన్నోసార్లు విన్న ఆ సవ్వడిలో అంత మర్యాద ఉందని ఆమెకు ఇన్నాళ్ళూ తెలియలేదు. పుట్టి బుద్ధెరిగాక ఇంత గర్వంగా ఏ కుర్చీలోనూ కూర్చోలేదనిపించింది.

సాలమన్ వెళ్ళి వచ్చాడు. రావు గారు వెళ్ళి వచ్చారు. అమర్ వెళ్ళి వచ్చి, ఫోను జేబులోంచి తియ్యకుండా ఓ మూల నిలబడ్డాడు. క్యాంపు మనుషులూ, కుటుంబాల వాళ్ళూ ఒకే వరసలో కలగలిసి నిలబడ్డారు. తెల్ల బకెట్లే అన్నీ, ఎవరిదేదో పోల్చుకోలేనట్టు. వరసలో మాటలు మొదలయ్యాయి. పసుపు కొమ్ములు ఆరబెట్టే ఆర్మూర్ ఎండలు ఎక్కువా దోహా ఎండలు ఎక్కువా అన్న దాని మీద వాదన నడిచింది. పోయిన వారం ఆ వరసలో కబుర్లేవీ లేవు.

కమలాదేవి వచ్చింది. లోపలికి వెళ్ళబోతూ, చెప్పులు విడవడానికి వంగి బకెట్టు నేల మీద పెట్టింది. టక్కుమని డొల్లగా మోగింది. లోపలికి వెళ్ళింది. తలుపు పడింది. బియ్యం జారిన సవ్వడి. మళ్ళీ తలుపు తెరుచుకుంది. చెప్పులు వేసుకోవడానికి వంగి బకెట్టు నేల మీద దించింది. ఈసారి మోగలేదు. బరువుగా, మెత్తగా ఆనింది.

సుసన్న చప్పున తల దించుకుని తన కాళ్ళ వైపు చూసింది. మానేసిన కారూ, ఎండలో నడిపించే డాక్టరూ, తలుపు వేసి ఉండాలన్న మాటా ఒకదాని వెనక ఒకటి వచ్చి నిలబడ్డాయి. పోయిన వారం పట్టుచీర కట్టుకుని వేదిక మీద సంచులు అందించిన చేతులివి. తన ఇంట్లో నిండుకున్న బియ్యం డబ్బా పెట్టుకుని అందించిన చేతులు. సుసన్నకు ఆమె కాళ్ళకు మొక్కాలనిపించింది. మొక్కితే తెలిసినట్టవుతుంది. అందుకని కాళ్ళ దగ్గరున్న మరెవరివో చెప్పుల జతను స్టాండులో మరింత సరిగ్గా సర్దింది.

"ఎండ బాగా ఉంది కదూ, సుసన్నా" అంది కమలాదేవి.

"అవునండి. నీడపట్టున వెళ్ళండి" అంది సుసన్న, తల ఎత్తకుండా.

ఆ తర్వాత హన్మాండ్లు వంతు వచ్చింది. చొక్కా చేతులు మోచేతుల దాకా మడుచుకున్నాడు.

"అక్కా, ఫోటో?"

"మాఫీ" అంది సుసన్న, గల్ఫ్‌లో అందరూ అనే అరబ్బీ మాటలో. "లేదు, ఉండదు."

"పట్టీ?"

"అదీ మాఫీ."

లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. కాసేపటికి బయటికి వచ్చి, ఆమె ముందుకు నడిచి, మూత పెట్టిన బకెట్టును ఎత్తి పట్టుకున్నాడు. అతని కళ్ళు నవ్వుతున్నాయి.

"ఇచ్చి వస్తున్ననా, తెచ్చుకుంటున్ననా? చెప్పు సూద్దాం."

"నా వీపుకి కళ్ళు లేవు తమ్ముడూ."

"గట్లుండాలె" అన్నాడు హన్మాండ్లు. బకెట్టు చేతిలో ఊపుకుంటూ గేటు దాటి, బస్సులో కూర్చోకుండా బయట నీడలో నిలబడి, తోటివాళ్ళతో ఎండల వాదనలో కలిశాడు.

అందరూ వెళ్ళిపోయాక సాలమన్ గదిలోకి వెళ్ళాడు. బంగాళాదుంపలు అయిపోయాయి. నూనె ప్యాకెట్లు అడుగున ఉన్నాయి. బియ్యం డ్రమ్ము అతను భయపడినంతగా తగ్గలేదు. అలవాటు కొద్దీ జేబులోంచి కొలత టేపు తీసి, డ్రమ్ము అంచుకు ఆనించబోయి, బియ్యం మీద ఏదో కనబడి ఆగాడు.

తెల్లటి రుమాలు గుడ్డలో ముడివేసిన చిన్న మూట. ముడి విప్పితే గది నిండా వాసన వచ్చింది. ఎండిన పసుపు కొమ్ములు, కొట్టులో దొరికేవి కావు, పొలం నుంచి ఇంటికి వచ్చినవి.

"సుసన్నా, ఇది మనం కొన్నది కాదే?"

"కాదండి."

"రావు గారింటి నుంచి వచ్చుంటుంది. వాళ్ళ బకెట్టే నిండుగా వచ్చుంటుంది, చూడు."

"అయ్యుంటుందండి" అంది సుసన్న.

సాలమన్ ఒక కొమ్ము ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. అనుమానంగా భార్య వైపు తిరిగాడు. "నిజం చెప్పు. ఎవరు పెట్టారిది?"

"తలుపు వేసుంది కదండీ."

సాలమన్ పసుపు మళ్ళీ ముడి కట్టి బియ్యం మీద ఉన్నచోటే ఉంచాడు. టేపు జేబులో వేసుకుని, డ్రమ్ము మూత పెట్టి, సరిగ్గా కూర్చుందో లేదో అరచేత్తో ఒకసారి నొక్కి చూశాడు.